ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు

మా అరారాక్వారాలో
నోటరీ ఆఫీసు గోడ మీద
నీలిరంగు అక్షరాలు అలా అంటాయి.
గోడ కింద పరిచిన ఎర్రరాయికి చదువు రాదు.

నేను వాల్దెసీర్ని.
ఇరవై రెండేళ్లుగా గనిలో పలకలు చీలుస్తున్నాను.
రాయి పుస్తకం లాంటిదంటారు చూడ్డానికొచ్చినవాళ్లు.
పుస్తకం ఎవరి గోళ్లూ ఊడబెరకదు.
ఉలి పెట్టే చోటు తెలియాలి, అంతే.
చెయ్యి కన్నా చెవి ముఖ్యం.
టంగుమంటే మంచి పలక.
మొద్దుగా మోగిందా, లోపలేదో ఉంది.

ఆ రోజు మొద్దుగా మోగింది.

చీలిన పలక మీద ఒక గుంట,
దోసెడు నీళ్లు పట్టేంత.
దాన్నుంచి వాలుకి జారిన చారలు,
పాలు పొంగి గిన్నె బయట కారి
అక్కడే ఆగిపోయినట్టు.
మేస్త్రీ ఆదెమార్ చూసి పక్కకి ఉమ్మేశాడు:
"పుచ్చు పలక. సగం ధర కూడా రాదు."

పుచ్చు పలకలన్నీ మా ఇంటికే చేరతాయి.
గుమ్మం ముందు అప్పటికి పదకొండు.
ఇది పన్నెండోది.
మా ఆవిడ ఎద్విజిస్ దాని మీద చేపలు తోమింది.
మా జందీరా తొక్కుడుబిళ్ల ఆడింది.
వాన వెలిశాక గుంటలో నిలిచిన నీళ్లు
పిచ్చుకలు తాగిపోయేవి.
ఆరేళ్లు.

తర్వాత ఆవిడొచ్చింది, డాక్టర్ లిందాల్వా,
పేవ్‌మెంట్లు చూసుకుంటూ
ఊరంతా తల వంచుకు తిరిగే మనిషి.
మా గుమ్మం ముందు, మిట్టమధ్యాహ్నం,
మోకాళ్ల మీద కూలబడింది.

"ఎముకలున్నాయా?" అన్నాను.
"ఈ రాతిలో ఎముకలు దొరకవు.
పదమూడు కోట్ల ఏళ్ల కిందట ఇదంతా ఎడారి.
దొరికేవల్లా అడుగుజాడలు.
అవి కాక, అరుదుగా, ఇంకోటి..."
చదువుకున్నావిడ కదా, మాట కోసం వెతుక్కుంటోంది.
జందీరా అందించింది:
"ఉచ్చ."

నవ్వాం. ఆవిడా నవ్వింది.
వంటింట్లోంచి కూజా తెమ్మంది.
ఇసుక వాలుగా పోసి
నడుమెత్తు నుంచి నీళ్లు ఒంపింది.
మొదట గుంట.
తర్వాత చారలు.
ఇసుకనీ రాతినీ మార్చి మార్చి చూశాం.
ఎద్విజిస్ కూజా వెనక్కి తీసుకుని
రెండుసార్లు కడిగింది.

ఏ జంతువో చెప్పలేనంది ఆవిడ.
ఏం తినేదో, ఏ రంగో, ఎలా చచ్చిందో.
ఇసుకదిబ్బ మీద పోతూ పోతూ
ఒకచోట ఆగింది.
ఆగిందన్నది మాత్రం ఖాయం.

ఆ మాట రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

గనిలో మాకు ఆగడం ఉండదు.
పలకకింత అని లెక్క.
ఒంటేలుకి లేస్తే ఆదెమార్ గడియారం చూస్తాడు.
మా జెనెరోజు బిగబట్టీ బిగబట్టీ
కడుపులోనే రాయి చేశాడు.
ఆసుపత్రిలో తీసి సీసాలో పెట్టిచ్చారు.
మ్యూజియం వాళ్లెవరూ అడగలేదు.

మా పలకని మాత్రం తీసుకెళ్లారు,
పాత దుప్పట్లో చుట్టి, నలుగురు పట్టుకుని,
పురిటికి తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా.
మూడు బస్తాల సిమెంటు అడిగి
రెండింటికి ఒప్పుకుంది ఎద్విజిస్,
ఒక కొత్త పలక పైన.
కొత్తది నున్నటిది. తడిస్తే జారుతుంది.
పిచ్చుకలు వచ్చి, చూసి, పోతున్నాయి.

నిన్న మధ్యాహ్నం
గని వెనక రాతిపొడి కుప్ప దగ్గర
నేనూ ఆగాను.
మొదట గుంట.
తర్వాత చారలు.
ఎండ అంచుల నుంచి తాగేస్తోంది.
ఎక్కణ్ణుంచైనా గుప్పెడు ఇసుక ఎగిరొచ్చి కప్పితే చాలు,
మిగతాది అదే చూసుకుంటుంది.
గాలి లేదు.

ఆదెమార్ ఈల వేశాడు.
మళ్లీ వేశాడు.
వేసుకోనీ.
నాకింకా అవలేదు.